భీమవరం వాడి మందు

బోస్టన్. 1947 డిసెంబరు 28. ఎముకలు కొరికే చలి. పిల్లల ఆసుపత్రిలో రెండేళ్ల బాబు. రక్త క్యాన్సర్. ప్లీహం వాచి పొట్ట బిగుసుకుపోయింది. అంతకుముందు కొందరు పిల్లలకు ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూస్తే జబ్బు ఇంకా రేగింది. అందుకే డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఈసారి ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు సూదిలోకి లాగాడు. అమినోప్టెరిన్. ఆదుకుంటుందా, ఉన్న ప్రాణమూ తీస్తుందా?

మందు వచ్చింది లెడర్లీ ల్యాబ్ నుంచి. అక్కడ పరిశోధనల పెద్ద మన భీమవరం వాడు యల్లాప్రగడ సుబ్బారావు.

కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని చిన్నప్పుడే ఇల్లు వదిలి పారిపోయి, తల్లి వెంకమ్మకు దొరికిపోయి, రాజమండ్రిలో చదివి, మెట్రిక్ తప్పి, మూడోసారికి మద్రాసులో గట్టెక్కి, వైద్య కళాశాలలో ఖద్దరు గౌను తొడిగినందుకు ప్రొఫెసర్ కన్నెర్రజేస్తే ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకుని, అమెరికా చేరాక రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగి బతికినవాడాయన. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టాడు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏటీపీ, ఒంట్లో ప్రతి కదలికకూ ఇంధనం. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీకి వెళ్లిపోయాడు. నోబెల్ ఎటూ రాలేదు.

బోస్టన్‌లో రోజులు గడుస్తున్నాయి. బాబు రక్తంలో తెల్లకణాలు పెరగడం ఆగింది. తర్వాత దిగడం మొదలైంది. పొట్ట మెత్తబడింది. బాబు లేచి నడిచాడు!

1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. కొంతకాలమే. కానీ ఒక మందుకు రక్త క్యాన్సర్ లొంగిందని లోకానికి తెలిసింది. ఇక మందు పంపిన సుబ్బారావు పేరు మోగాలి. ఆగస్టు 9 తెల్లవారింది. సుబ్బారావు మంచం మీదనుంచి లేవలేదు.

నిద్రలోనే పోయాడు. 53 ఏళ్లు.

గౌరవాలన్నీ ఆ తర్వాతే. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. మన దేశంలో తపాలా బిళ్ల 1995 దాకా రాలేదు. శతజయంతికి. ఈలోగా ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ గర్భిణులకు మాత్రగా వచ్చింది. 1947లో అదే ల్యాబ్ తెచ్చిన డీఈసీ అనే మందును గోదావరి జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచారు. భీమవరం వీధుల్లోనూ.