టీకాలు ఉంచే పాత ఫ్రిజ్: తలుపు రబ్బరు మార్చే విధానం

పశువుల, కోళ్ల టీకాలను సాధారణంగా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ చేయాలి. తలుపు రబ్బరు అరిగితే బయటి వేడిగాలి లోపలికి చేరి టీకా పాడవుతుంది, కరెంటు ఖర్చూ పెరుగుతుంది.

పరీక్ష: తలుపు సందులో కాగితం పెట్టి మూయండి. లాగితే సులువుగా వస్తే అక్కడ పట్టు లేనట్టే. సబ్బునీటితో రబ్బరు తుడిచి మళ్లీ చూడండి.

కొనుగోలు: విజయవాడ వన్ టౌన్‌కు బయలుదేరే ముందు మోడల్ నంబరు, పాత రబ్బరు పొడవు, వెడల్పు రాసుకోండి.

అమరిక:
- ప్లగ్ తీయండి. టీకాలను ఐస్‌ప్యాకుల డబ్బాలోకి మార్చండి. ఐస్‌కు నేరుగా తగలనివ్వకండి.
- కొత్త రబ్బరును గోరువెచ్చని నీటిలో ఉంచి మడతలు పోగొట్టి, తుడవండి.
- స్క్రూలుంటే వదులుచేసి, పాతది లాగేయండి.
- కొత్తదాన్ని ముందు మూలల్లో, తర్వాత అంచుల్లో నొక్కి, స్క్రూలు బిగించండి.

థర్మామీటరు 2–8 మధ్య నిలకడగా చూపాకే టీకాలు తిరిగి పెట్టండి.