రక్తబిందువు – సూక్ష్మనాళము

హైదరాబాదునకు తూర్పున తార్నాక దాటి ఉప్పల్ వైపు సాగు మార్గములో ప్రయోగశాలలు ఒకదాని వెంట ఒకటి కనిపించును. 1944 లో చిన్నగా మొదలైన పరిశోధనాలయము నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా అచట నిలిచియున్నది. దాని ఒడిలోనే 1977 లో పుట్టిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రము 1987 నవంబరు 26 న జాతికి అంకితమైనది. ఇవి గాక నాచారములో, ఇ.సి.ఐ.ఎల్. రోడ్డు మీద, సి.డి.ఎఫ్.డి. అని అందరు పిలుచు డి.ఎన్.ఎ. పరీక్షల కేంద్రము చాలకాలము పనిచేసి, తరువాత ఉప్పల్ లోని తన భవనములకు తరలినది. నేరములు, న్యాయస్థానములు అనగానే పత్రికలలో ఈ కేంద్రము పేరు వచ్చును. మేము చెప్పదలచినది ఆ కేంద్రము చేసిన వేరొక పనిని గూర్చి, అంతకు మించి ఆ పనిలోని ఒక చిక్కును గూర్చి.

శిశువు పుట్టిన కొలది దినములలో మడమను సూదితో పొడిచి, వచ్చిన నెత్తురును దళసరి వడపోత కాగితము మీద అద్ది, ఆరబెట్టి పరీక్షకు పంపుదురు. 1960 దశకపు ఆరంభములో అమెరికాలో రాబర్ట్ గత్రీ ఈ ఉపాయమును ప్రచారములోనికి తెచ్చెను. హైదరాబాదులోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి వైద్యశాలలలో పుట్టిన 18,300 మంది శిశువుల రక్తపు చుక్కలు ఇట్లే నాచారపు కేంద్రమునకు చేరినవి. ఆ ఫలితములను ఎ. రాధారమాదేవి, ఎస్.ఎం. నౌషాద్ గారలు 2004 లో ప్రకటించిరి. థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే మందగించిన శిశువులు సుమారు 1,700 మందికి ఒకరు చొప్పున తేలిరి.

ఇది చిన్న లెక్క కాదు. అట్టి బిడ్డ పుట్టినప్పుడు చూచుటకు చక్కగనే ఉండును. పాలు త్రాగును, హాయిగా నిద్రించును. మొదటి వారములలోనే థైరాక్సిన్ మాత్ర మొదలిడినచో తోటివారితో సమానముగా ఎదుగును. తల్లికి అనుమానము కలుగువరకు ఆగినచో మెదడునకు జరిగిన నష్టమును పూడ్చుట సాధ్యము కాదు.

ఇక చిక్కు. ఆ కాగితము నుండి మూడు మిల్లీమీటర్ల బిళ్ళను కత్తిరించినచో అందులో ఉండు రక్తము సుమారు మూడు మైక్రోలీటర్లు; కుళాయి నుండి జారు ఒక నీటిబొట్టులో పదిహేనవ వంతు అనుకొనవచ్చును. ఒక్కొక్క జబ్బునకు ఒక్కొక్క పరీక్ష, ఒక్కొక్క పరీక్షకు కొంత రక్తము కావలెను. మూడు దినముల పసికందును ఎన్నిసార్లు పొడువగలము? నాచారములోని పరీక్షలు ఆనాడు వాడుకలోనున్న పద్ధతులతో జరిగినవే, సూక్ష్మనాళములతో జరిగినవి కావు. కాని ఆ చిన్న చుక్కనే ఇంకను చిన్న చుక్కలుగా పంచి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క ప్రశ్న అడుగవచ్చునను ఆలోచన అప్పటికే వేరొక చోట నడచుచుండెను. దాని మూలములు మిక్కిలి పాతవి. వాటికి వైద్యముతో సంబంధమే లేదు.

కుళాయిని సన్నగా తిప్పి చూడుడు. ధార కొంత దూరము గాజుకడ్డీ వలె నిలిచి, పిమ్మట బొట్లుగా తెగును. బెల్జియము దేశస్థుడైన జోసెఫ్ ప్లాటో 1873 లో వెలువరించిన గ్రంథమున దీని మర్మమును వివరించెను. ద్రవస్తంభము తన చుట్టుకొలత కంటె పొడవైనచో నిలువజాలదు. పైపొరను బిగించి పట్టు తలతన్యతయే దానిని నొక్కి త్రుంచును. అప్పటికి ప్లాటోకు చూపు పోయి చాల ఏండ్లయినది. ఇతరులు చూచి చెప్పగా ఆయన ఆలోచించి సూత్రము కట్టెను. 1879 లో లార్డ్ రేలీ గణితముతో మరియొక అడుగు వేసి, తెగు ముక్క పొడవు ధార వ్యాసమునకు సుమారు నాలుగున్నర రెట్లుండునని చూపెను.

ఇది గాలిలోని ధార మాట. సన్నని గొట్టములో చిక్కిన బొట్టు కథ వేరు. 1961 లో జి.ఐ. టేలర్, ఎఫ్.పి. బ్రెదర్టన్ అను ఇరువురు ఒకే పత్రికలో, ఒకే సంపుటములో, వెనువెంట రెండు వ్యాసములు ప్రకటించిరి. గొట్టములోని ద్రవమును నెట్టుకొని పోవు బుడగకును గోడకును నడుమ పలుచని ద్రవపు పొర మిగులుననియు, వేగము పెరిగిన కొలది ఆ పొర దళసరి యగుననియు వారి పరిశోధనల వలన తేలినది. చమురులో నడచు నీటిబొట్టునకును ఇట్టి పొరయే రక్ష. మా దృష్టిలో ఈ కథకంతటికి ఆయువుపట్టు ఇదే. బొట్టు గోడను తాకదు గనుక బొట్టులోనిది గోడకు అంటదు. వెనుక వచ్చు బొట్టునకు మైల తగులదు.

ఉప్పల్ కు దిగువన నాగోలు మీదుగా పారు మూసీ నది వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. నదుల నీళ్ళు సుడులు తిరుగుచు కలిసిపోవును. తలవెండ్రుకంత సన్నని కాలువలో సుడి పుట్టదు. రెండు నీటి ధారలు పక్కపక్కనే, అలుకలు పోయిన తోడికోడండ్రవలె, మెల్లగా సాగును. ఒకటి నీరు, రెండవది చమురు అయినచో ఏమగును? దీనిని 2001 లో కాలిఫోర్నియా సాంకేతిక సంస్థకు చెందిన థోర్సెన్, రాబర్ట్స్, ఆర్నాల్డ్, క్వేక్ అనువారు చూచిరి. (వీరిలో ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ కు 2018 లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది, అది వేరొక పనికి.) చమురు పారు కాలువలోనికి పక్కనుండి నీరు తల చాచును. చాచిన తల కాలువకు అడ్డుపడును. వెనుకనున్న చమురునకు దారి చాలదు. ఒత్తిడి పెరిగి నీటి మెడను నొక్కి త్రుంచును. తెగిన బొట్టు కొట్టుకొని పోవును. ఆ వెంటనే మరియొక తల.

ఇందు బొట్టు పరిమాణము యాదృచ్ఛికము కాదు. నిదాన ప్రవాహములో దాని పొడవు కాలువ వెడల్పు మీదను, నీరు చమురుల ప్రవాహముల నిష్పత్తి మీదను ఆధారపడునని 2006 లో గార్‌స్టెక్కీ, ఆయన సహచరులు సూత్రీకరించిరి. కావున రెండు పంపులను సరిదిద్దినచో వేలకొలది బొట్లు ఒకే అచ్చున పోసినట్లు వచ్చును. సబ్బువంటి పదార్థమును చమురులో కలిపియుంచినచో అవి ఒకదానిలో ఒకటి కలిసిపోవు. సుడి లేనప్పుడు బొట్టు లోపలి మందులు ఎట్లు కలియునను ప్రశ్నకు షికాగోలో ఇస్మగిలోవ్ బృందము 2003 లో సమాధానము చెప్పెను. కాలువను వంకరలు త్రిప్పినచో బొట్టు లోపలి ద్రవము సాగి, మడతపడి, మరల సాగును. పిండి పిసుకు గృహిణులకు ఇది వింత కాదు.

ఇట్టి బొట్లతో లెక్కపెట్టుటయు సాధ్యమైనది. వామనగుంటలు ఆడినవారికి దీనిని సులభముగా చెప్పవచ్చును. ఇరువదివేల గుంటలున్న పెద్ద బల్ల మీద గుప్పెడు చింతగింజలను కన్నులు మూసికొని చల్లినామనుకొందము. గింజలను లెక్కింప నక్కరలేదు. ఖాళీగా మిగిలిన గుంటలు ఎన్నియో చూచినచో, ఒకే గుంటలో రెండు పడినవానిని కూడ కలుపుకొని, గింజలెన్నియో సంభావ్యతా శాస్త్రము చెప్పును. వోగెల్‌స్టీన్, కింజ్లర్ లు 1999 లో డి.ఎన్.ఎ. కణికలను ఈ తీరున లెక్కించిరి. 2011 నాటికి ఇరువది మైక్రోలీటర్ల ద్రవమును సుమారు ఇరువదివేల బొట్లుగా తెంపి, డి.ఎన్.ఎ. ఉన్న బొట్లను వెలిగించి లెక్కించు యంత్రము వచ్చెను.

మరి మడమ నెత్తుటి మాట? దానికి దారి కొంచెము పక్కకు తిరిగినది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయములో కాలువలనే విడిచి, రెండు పలకల నడుమ విద్యుత్తుతో బొట్టును నడిపించి, చీల్చి, కలుపు విధానమును 2000 ప్రాంతమున సాధించిరి. అచట శిక్షణ పొందిన వంశీ పాముల స్థాపకులలో ఒకరుగానున్న బేబీస్ సంస్థ పరికరము ఆరిన రక్తపు బిళ్ళ నుండి నాలుగు అరుదైన జబ్బులను పసిగట్టును. దానికి 2017 ఫిబ్రవరిలో ఆ దేశపు ఔషధ నియంత్రణ శాఖ అనుమతి లభించినది. ఒక చుక్క, నాలుగు ప్రశ్నలు.

అయినను నాచారపు లెక్కలో తేలిన థైరాయిడ్ లోపమునకు ఇట్టి యంత్రము అక్కరలేదు. దానిని పట్టుటకు పాత పద్ధతులు చాలును, మాత్ర ఖరీదు స్వల్పము. మన దేశమున ప్రతి శిశువునకు తప్పనిసరిగా ఈ పరీక్ష జరుగు ఏర్పాటు ఇంకను అంతటా రాలేదు. జరిగిన చోట కూడ చిక్కు ప్రయోగశాలలో లేదు. పరీక్షా ఫలితము వచ్చునప్పటికి బాలింత వైద్యశాల విడిచి పుట్టినింటికి పోయియుండును. కాగితము మీద వ్రాసిన చిరునామా అత్తవారిది.