పద్దెనిమిదేళ్ల సానియానా, ఇరవై ఎనిమిదేళ్ల సానియానా?

ఈ ఎపిసోడ్‌లో ఒక పాత పంచాయితీ తెంపుదాం. గొప్ప ప్లేయర్‌కి అసలైన టైమ్ ఏది? ఒంట్లో స్ప్రింగులున్న కుర్రతనమా, ఆట మొత్తం బుర్రకెక్కాక వచ్చే రోజులా?

ఈ పంచాయితీ ఉస్మానియా క్యాంపస్‌లో, సాయంత్రాలు బాస్కెట్‌బాల్ ఆడే చోట బాగా నడుస్తుంది. హాస్టల్ కుర్రాళ్లు ఒక టీమ్. తార్నాక, హబ్సిగూడ నుంచి డ్యూటీ అయ్యాక షూస్ పట్టుకొచ్చే ఉద్యోగస్తులు ఇంకో టీమ్. నేను రెండో టీమ్. పంతొమ్మిదేళ్లోడు రెండంగల్లో రింగు దగ్గరికి వెళ్లిపోతాడు. మాకేమో ముప్పై దగ్గర పడుతోంది, మోకాలికి క్యాప్ లేకపోతే కోర్టులోకి దిగలేం. అందుకే మైకేల్ జోర్డాన్ పేరొస్తే రెండు టీములూ ఇద్దరు వేర్వేరు మనుషుల గురించి మాట్లాడతాయి.

కుర్రాళ్ల జోర్డాన్ 1988 వాడు. ఆ ఏడాది షికాగోలో జరిగిన డంక్ పోటీలో ఫ్రీ త్రో లైన్ దగ్గర నేల వదిలి, గాల్లో తేలుతూ వెళ్లి బంతిని రింగులో కుక్కాడు. అంతకుముందు 1986-87 సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 37.1 పాయింట్లు కొట్టాడు.

మా జోర్డాన్ 1998 వాడు. వయసు 35. యూటాలో ఫైనల్స్ ఆరో మ్యాచ్, ఇంకా 5.2 సెకన్లు ఉందనగా జంప్ షాట్ వేసి షికాగోని 87-86తో గెలిపించాడు. అప్పటికి ఎగరడం తగ్గింది. దాని బదులు డిఫెండర్‌కి వీపు ఆనించి, భుజంతో అటో ఇటో అని ఊరించి, వెనక్కి వాలుతూ షాట్ వేసేవాడు. వెనక్కి వాలితే అవతలోడి చేయి అందదు. ఒకప్పుడు ఎత్తుతో సంపాదించిన ఖాళీని ఇప్పుడు కోణంతో సంపాదించాడన్నమాట.

ఈ కథ కోసం నిజానికి షికాగో దాకా పోనక్కర్లేదు. ఇదే మలుపు మన హైదరాబాద్ అమ్మాయి కెరీర్‌లోనూ ఉంది. సానియా మీర్జా.

ముందు 2005 సానియాని చూద్దాం. వయసు 18. ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండ్ దాకా వెళ్లి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. ఫిబ్రవరిలో సొంతూళ్లో, హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో అల్యోనా బొండరెంకోని ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళ అయింది. కొన్ని రోజులకే దుబాయ్‌లో, అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ స్వెత్లానా కుజ్‌నెత్సోవాని ఇంటికి పంపింది. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్ దాకా వెళ్లింది.

ఆ ఆటలో ఉన్నదంతా ఫోర్‌హ్యాండే. మణికట్టు చివర్లో కొరడాలా తిప్పి కొట్టే దెబ్బ. ర్యాలీ సాగదీయడం, ఓపిగ్గా ఎదురుచూడటం ఉండవు. బంతి దొరికితే బాదుడే. 2007 ఆగస్టులో సింగిల్స్ ర్యాంకు 27కి చేరింది. అప్పట్లోనే రెండు లోపాలు కూడా కనిపించేవి. సెకండ్ సర్వ్‌లో బలం లేదు, కోర్టులో అటూ ఇటూ ఉరికించే ప్లేయర్ దొరికితే ఇబ్బంది పడేది.

తర్వాత దెబ్బ తగిలింది కూడా ఆ ఫోర్‌హ్యాండ్‌కి ప్రాణమైన మణికట్టుకే. 2008లో సర్జరీ అయింది. అదే ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు నొప్పితో తొలి రౌండ్ మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. జోర్డాన్‌కి ఎగరడం మెల్లమెల్లగా తగ్గింది. సానియాకి ఇరవై ఒకటో ఏటే ఆయుధమే మొరాయించింది.

ఇంకో ఐదేళ్లు సింగిల్స్‌లో కొట్లాడి, 2013లో సింగిల్స్ వదిలేసింది. ఇక్కడ చాలామంది "ఆడలేక డబుల్స్‌కి పోయింది" అంటారు. ఈ మాట ఎంతవరకు నిజమో కొలతలతో చూద్దాం. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, అదంతా ఒక్కదానివే కాపాడుకోవాలి. డబుల్స్ కోర్టు 36 అడుగులు, కానీ ఇద్దరు. అంటే మనిషికి సుమారు 18 అడుగులు. తన పెద్ద లోపమైన పరుగుకి ఒక్క నిర్ణయంతో మూడో వంతు పని తగ్గింది. ఫోర్‌హ్యాండ్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

అయితే డబుల్స్ ఈజీ అనుకోకండి. నెట్ దగ్గర ఒకరు కాచుకుని ఉంటారు కాబట్టి, గుడ్డిగా బాదితే బంతి అంతకంటే వేగంగా తిరిగొస్తుంది. రిటర్న్‌ని నెట్ మీద తక్కువ ఎత్తులో, కాళ్ల దగ్గర పడేలా కొట్టాలి. ఎప్పుడు మధ్యలోకి, ఎప్పుడు పక్క లైన్ మీదికి అన్నది సెకనులో సగంలో తేల్చుకోవాలి. సానియా నేర్చుకున్నది ఇదే. దెబ్బ పాతదే, దాన్ని ఎక్కడ వాడాలన్న తెలివి కొత్తది.

2014లో జింబాబ్వేకి చెందిన కారా బ్లాక్‌తో కలిసి డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచింది. 2015లో మార్టినా హింగిస్‌తో జోడీ కట్టింది. హింగిస్‌దీ ఇలాంటి కథే. 1997లో పదహారేళ్లకే సింగిల్స్ నంబర్ వన్ అయి, గాయాలతో వదిలేసి, చాలా ఏళ్లకి డబుల్స్‌కి తిరిగొచ్చిన మనిషి. కోర్టు కుడి పక్క సానియా ఫోర్‌హ్యాండ్, ఎడమ పక్క హింగిస్ బ్యాక్‌హ్యాండ్. ఒకరు తలుపు బద్దలుకొడితే ఇంకొకరు లోపలికి దూరేవాళ్లు. ఏప్రిల్‌లో సానియా డబుల్స్ ప్రపంచ నంబర్ వన్ అయింది. వరసగా వింబుల్డన్, యూఎస్ ఓపెన్, 2016 ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచారు. ఓటమి లేకుండా 41 మ్యాచ్‌లు!

వీటన్నిటిలో ఒక్క మ్యాచ్ చూడాలంటే 2015 వింబుల్డన్ ఫైనల్ చూడండి. ఎదురుగా రష్యా జోడీ మకరోవా, వెస్నినా. తొలి సెట్ పోయింది, రెండోది టైబ్రేక్‌లో దక్కింది. మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. అక్కణ్నుంచి 5-5 చేశారు. చీకటి పడుతోందని ఆట ఆపి పైకప్పు మూశారు. తిరిగొచ్చి 7-5తో ముగించారు. అలాంటి చోట బలం ఒక్కటే సరిపోదు. అవతలివాళ్లు టెన్షన్‌లో ఏ షాట్ కొడతారో ముందే పసిగట్టాలి, మన దెబ్బని ఆ ఒక్క క్షణం కోసం దాచుకోవాలి.

మరి పంచాయితీ సంగతి? నా తీర్పు ఇది. చూసి గుండె ఝల్లుమనేది 2005 సానియాకే. ఆ ధైర్యం లేకపోతే మన దగ్గర ఎంతోమంది ఆడపిల్లలు రాకెట్ పట్టేవాళ్లు కాదు. కానీ టెన్నిస్ ఎక్కువ తెలిసింది 2015 సానియాకి. అది ఉత్తినే రాలేదు. సింగిల్స్‌లో పెద్ద పేరు అనే కలని తన చేతులతోనే పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ ధర గురించి ఎవరూ మాట్లాడరు.

అనుభవం వస్తే ఆట దానంతట అదే మెరుగవుతుందని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. అది సగం నిజమే. సానియాకి వయసు ఇచ్చింది లోపాల లిస్టు మాత్రమే. ఆ లిస్టు చూసుకుని, తన ఫోర్‌హ్యాండ్ ఇంకా చెల్లుబాటయ్యే 18 అడుగుల చోటు వెతుక్కుంది ఆవిడే.

తల్లయ్యాక 2020 జనవరిలో హోబార్ట్‌లో తిరిగొచ్చిన తొలి టోర్నీనే గెలిచింది, అదీ డబుల్స్‌లోనే. 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో ఆఖరి టోర్నీ ఆడేనాటికి ఖాతాలో 43 డబుల్స్ టైటిళ్లు. సింగిల్స్ టైటిల్ ఒక్కటే, హైదరాబాద్‌లో గెలిచింది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.