కేరళ చిత్రంలో త్యాగయ్య 'నగుమోము'

ఇటీవల మా పొరుగింటి కేరళ సోదరి నన్నొక ప్రశ్న అడిగారు. నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. "మాస్టారూ, మా 'చిత్రం' సినిమాలో మోహన్‌లాల్ పాడే 'నగుమోము' మీ తెలుగే కదా! దాని అర్థమేమిటి? ఇన్నేళ్లుగా అదేదో సంతోషంగా పాడుకొనే పాట అనుకుంటున్నాను" అన్నారు.

ముప్పయ్యేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి. తరగతిలో 'నగుమోము' అనే మాటను ఎన్నిసార్లో నల్లబల్లపై వ్రాశాను. నగునట్టి మోము, కర్మధారయము అని విగ్రహవాక్యం చెప్పి ముందుకు సాగిపోయేవాణ్ణి. ఆ కృతి ఏ బాధలోనుంచి పుట్టిందో పిల్లలకు ఒక్కనాడైనా చెప్పిన గుర్తు లేదు. ఆమె ప్రశ్న నా లోపాన్ని నాకు చూపింది. అందుకే ఈ వ్యాసం.

'చిత్రం' 1988 డిసెంబరులో విడుదలైంది. రచన, దర్శకత్వం ప్రియదర్శన్. 1984లో 'పూచక్కొరు మూక్కుత్తి' అనే హాస్యచిత్రంతో దర్శకుడైన ఆయన, 1986 నాటి 'తాళవట్టం'లోనే నవ్వులతో మొదలుపెట్టి మరణంతో ముగించే పద్ధతిని పరీక్షించి చూశారు. 'చిత్రం'లో ఆ పద్ధతి పరిణతి పొందింది. ఎర్నాకుళంలో ఆ సినిమా ఏడాది పాటు ఆడింది.

కథ క్లుప్తంగా చెబుతాను. ధనవంతుని కుమార్తె కల్యాణి తండ్రికి ఇష్టం లేని పెళ్లికి సిద్ధపడుతుంది. ఆస్తి రాదని తెలియగానే వరుడు ముఖం చాటేస్తాడు. తండ్రి కొద్దిరోజులు కూతురితో, అల్లుడితో గడపాలని వస్తాడు. ఆయన మనసు నొచ్చుకోకుండా, కైమళ్ అనే పెద్దమనిషి విష్ణు అనే ఆకతాయిని డబ్బుకు కుదిర్చి అల్లుడిగా నటింపజేస్తాడు. విష్ణువుగా మోహన్‌లాల్, కల్యాణిగా రంజని, కైమళ్‌గా 2021లో దివంగతులైన నెడుముడి వేణు నటించారు. కీచులాటలతో, అబద్ధాలతో, అంతులేని నవ్వులతో కథ సాగుతుంది. నటన ప్రేమగా మారిన తరువాత గాని అసలు సంగతి తెలియదు. విష్ణు ఉరిశిక్ష పడిన ఖైదీ. అపోహతో జరిగిన పెనుగులాటలో మూగదైన తన భార్య తన చేతిలోనే మరణించింది. చివరికి అతడు జైలు అధికారి వెంట ఉరికంబం వైపు వెళ్లిపోతాడు.

ఇటువంటి కథ నడుమ సంగీత దర్శకుడు కణ్ణూర్ రాజన్ సినిమాలో త్యాగరాజకృతి 'నగుమోము' వినిపిస్తుంది. తెర మీద ఉల్లాసం, ఆభేరి రాగపు మాధుర్యం. భాష తెలియని శ్రోత దానిని ఆనందగీతమనుకోవడంలో తప్పేమీ లేదు. కాని త్యాగయ్య పాడింది నవ్వును గురించి కాదు, ఆ నవ్వు కనబడకపోవడాన్ని గురించి. నా దుఃఖం నీకు తెలిసి కూడా ఎందుకు రావయ్యా అని రాముణ్ణి అడుగుతాడు. నీ చుట్టూ ఉన్నవారెవరూ నీకు చెప్పరా అంటాడు. నీ ఆజ్ఞ విని గరుత్మంతుడు కదలలేదా, ఆకాశం నుంచి భూమికి చాలా దూరమని సాకు చెప్పాడా అని నిలదీస్తాడు. పేరులో నవ్వు, లోపలంతా నిరీక్షణ. విష్ణు బతుకు కూడా అంతే కదా!

తెలుగు కృతి మలయాళ చిత్రంలోకి వెళ్లడం వింతేమీ కాదు. త్యాగయ్య (1767-1847) కాలంలోనే ఆ దారి పడింది. తిరువితాంకూరును ఏలిన స్వాతి తిరునాళ్ మహారాజు (1813-1846) సంస్కృత, మలయాళాలతో పాటు తెలుగులోనూ కృతులు రచించారు. త్యాగయ్య శిష్యుడు కన్నయ్య భాగవతార్ ఆయన ఆస్థానానికి వెళ్లారు. కేరళకు చెందిన షట్కాల గోవింద మారార్ తిరువయ్యారులో త్యాగయ్య సమక్షంలో పాడారని సంగీతజ్ఞుల ఐతిహ్యం.

ఆ దారినే 'చిత్రం' 1990లో మన వద్దకు 'అల్లుడుగారు' అయి వచ్చింది. మోహన్‌బాబు, శోభన నాయికానాయకులు, రమ్యకృష్ణ మూగభార్య, కె. రాఘవేంద్రరావు దర్శకులు. అందులోనూ 'నగుమోము' ఉంది. సంగీతం కె.వి. మహదేవన్‌ది. ఆయన జన్మస్థలం నాటి తిరువితాంకూరు సంస్థానంలోని నాగర్‌కోయిల్ ప్రాంతం. పాడినవారు కొచ్చిలో పుట్టిన ఏసుదాసు. మన కృతిని వారు తమ సినిమాలో పాడుకున్నారు, మన సినిమాలో మనకు మళ్లీ వారే పాడిపెట్టారు.

'అల్లుడుగారు' మా దంపతులం కలిసి చూశాం. నాకప్పుడు ముప్పయి నిండలేదు. చదివిన అలంకారశాస్త్రం తలకెక్కి ఉన్న వయసు. తిరిగి వచ్చే దారిలో, "హాస్యానికి కరుణ విరోధి రసం. అంతసేపు నవ్వించి చివర ఏడిపించడం ఔచిత్యభంగం" అని ఉపన్యసించాను. మా ఇల్లాలు కళ్లు తుడుచుకుంటూ, "ఆ సంగతి మధ్యలో పాటలోనే చెప్పాడు కదండీ" అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను. శాస్త్రం చదవని ఆమె కృతిని విన్నది. చదివిన నేను సమాసం దగ్గరే ఆగిపోయాను. ఆమె వెళ్లిపోయి ఆరేళ్లయింది. ఆ మాటకు నేనివ్వవలసిన సమాధానం ఇంకా బాకీ ఉంది.

పొరుగింటి సోదరికి అర్థమంతా విడమరచి చెప్పాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఆ సినిమా మళ్లీ చూడాలి మాస్టారూ" అన్నారు. నేనూ చూస్తానన్నాను. వచ్చే ఆదివారం వారింటనే, ఆ కుటుంబంతో కలిసి. మలయాళ సంభాషణలు వారు నాకు చెబుతారు, ఆ ఒక్క పాట నేను వారికి చెబుతాను.