శ్రీరామపుర ముద్రణాలయము – ఒక కమ్మరి కుటుంబపు కులవిద్య

శ్రీరామపుర ముద్రణాలయ చరిత్రను వ్రాసినవారెల్లరు విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అను మువ్వురి పేళ్లతో ప్రారంభింతురు. అది న్యాయమే. కాని ఆ ముద్రణాలయమునుండి వెలువడిన తెలుగు గ్రంథముల చరిత్రను పరిశీలించుచుండగా మాకు వేరొక ప్రశ్న తోచినది. భాషలను నేర్పినవారు పండితులు. అనువాదములను నడిపినవాడు కేరీ. అచ్చుపనిని చూచినవాడు వార్డు. మరి ఆ అక్షరములకు లోహరూపము నిచ్చిన చేతు లెవరివి?

ఆ మువ్వురును చేతిపనివారి యిండ్లలో పుట్టినవారే. కేరీ తండ్రి ఎడ్మండు మొదట నేతపని చేసి, పిదప స్వగ్రామమున బడిపంతులయ్యెను. కేరీ మాత్రము పాదరక్షలు కుట్టుపని నేర్చెను. మార్ష్‌మన్ నేతగాని కుమారుడు. తానును కొంతకాలము మగ్గముమీద కూర్చుండెను. వార్డు వడ్రంగి కుమారుడై పుట్టి డర్బీ పట్టణమున ముద్రణము నభ్యసించెను. వీరిలో తండ్రి వృత్తి నేరుగా మతప్రచారమునకు అక్కరకు వచ్చినవాడు ఒక్కడును లేడు. అట్టి యుదాహరణము శ్రీరామపురముననే కలదు. అయితే అది ప్రచారకుల కుటుంబము గాదు. హిందువులైన కర్మకారుల కుటుంబము.

కర్మకారుడనగా వంగదేశమున కమ్మరి. హుగ్లీ మండలములోని త్రివేణికి చెందిన పంచానన కర్మకారుడు, హాల్‌హెడ్ రచించిన వంగభాషా వ్యాకరణము 1778లో హుగ్లీయందు అచ్చైనప్పుడు, చార్లెస్ విల్కిన్స్ చేతిక్రింద వంగాక్షరములను చెక్కుటకు తోడ్పడెను. అతని పూర్వులు రాగిరేకులమీదను ఆయుధములమీదను పేళ్లు చెక్కువారని చెప్పుదురు. ఇది మనకు వింత గాదు. మన తామ్రశాసనములను చెక్కినవారును లోహకారులే కదా! శాసనముల చివర 'ఓజు', 'ఆచారి' అను పేళ్లు అచ్చటచ్చట కానవచ్చుచునే యున్నవి. అయితే రేకుమీద చెక్కుటకును అచ్చక్షరమును చెక్కుటకును గొప్ప భేద మున్నది. దానిని కొంచెము వివరింపక తప్పదు.

అచ్చక్షరమునకు మూలము ఉక్కుముద్ర. మెత్తని ఉక్కుకడ్డీ కొనను నునుపుచేసి, దానిపై అక్షరమును కుడియెడమలు తారుమారుగా గీచి, చుట్టునున్న లోహమును ఆకురాయితోను సన్నని ఉలులతోను తొలగింపవలెను. అప్పుడు అక్షరము ఉబ్బెత్తుగా నిలుచును. తరువాత దానిని ఎఱ్ఱగా కాల్చి నీట ముంచి గట్టిపరచి, మరల సన్నసెగపై కాచి పెళుసుదనమును తగ్గింపవలెను. దీనినే పదను పెట్టుట యందురు. పదను మించినచో ముద్ర పగులును, చాలనిచో దెబ్బకు అణగిపోవును. పదను కుదిరిన ముద్రను రాగిముక్కలో దిగగొట్టినచో గుంటయేర్పడును. ఆ గుంటలో సీసమును తగరమును ఆంటిమొనీయు కలిపి కరగించి పోసినచో అక్షరము వచ్చును. ముద్రపై తిరుగబడియున్న రూపు రాగిలో సరియగును, సీసమున మరల తిరుగబడును, తుదకు కాగితముపై సరిపడును. పదను తెలియుట ఏ గ్రంథమునుండియు వచ్చునది గాదు. అది కొలిమియొద్ద కూర్చుండి, కాలిన లోహపు రంగును చూచి చూచి అలవరచుకొనవలసినది. విల్కిన్స్ అక్షరముల కూర్పును నేర్పగలిగెను. పదనునకు మాత్రము పంచాననుని కమ్మరితనమే ఆధారమని మా యభిప్రాయము.

డేనుల పాలనలో నున్న శ్రీరామపురమున 1800లో మిషను ముద్రణాలయము ఏర్పడినది. పంచాననుడు త్వరలోనే అచ్చట పనికి కుదిరెను. కేరీ సంస్కృత వ్యాకరణమునకై నాగరాక్షరములు కావలసియుండెను. సంయుక్తాక్షరములతో కలిపి ఇంచుమించు వేయి రూపులుండగా, వానిని సుమారు 700 ముద్రలకు కుదించిరి. ఒక యువకుని తోడు తీసికొని ఆ పనిని చేయుటకు పంచాననుడు ఒప్పుకొనెను. పని ముగియకమునుపే, 1804 ప్రాంతమున, అతడు మరణించెను. ఒక పనివాని మరణముతో ముద్రణాలయము ఆగిపోవలసినదే. ఆగలేదు. అతడప్పటికే తన విద్యను పలువురకు నేర్పియుండెను. వారిలో ముఖ్యుడు అల్లుడు మనోహరుడు. 1807లో ప్రచారకులు ప్రకటించిన నివేదికలో, ఈ శిష్యులు చెక్కిన అక్షరములు ఐరోపా శిల్పులకును తలవంపు తేనివని మెచ్చుకొనబడినది.

తెలుగువారికి ఈ పోతశాలతో గల సంబంధము స్వల్పము గాదు. హాలీ నగరమున షుల్జ్ 1746–47లోనే తెలుగు పుస్తకములను అచ్చువేయించెను గాని, అవి దూరదేశపు ప్రయత్నములు. విశాఖపట్టణమున లండన్ మిషనుకు చెందిన డే గ్రాంజెస్, ఆనందరాయరు సహాయముతో తెలిగించిన మూడు సువార్తలు, అతడు 1810లో మరణించిన పిమ్మట, 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, శ్రీరామపురపు తెలుగు క్రొత్త నిబంధనము 1818లోను వెలువడినవి. తెలుగు చెక్కుట వంగము చెక్కుటవంటిది గాదు. నాగర వంగాక్షరములకు తలగీత యొకదాని నొకటి అంటుకొనవలెను; తెలుగున తలకట్టు దేనిది దానిదే, గుండ్రని వంపుల లోపలి ఖాళీలు పూడిపోకుండ కాపాడవలెను, ఒత్తులు క్రిందను గుడులు మీదను సర్దవలెను. నాగరమునకు అలవడిన చేయి వీనిని క్రొత్తగా నేర్చుకొనవలసి యుండెను.

ఇందలి కష్టమెంతటిదో 1812 మార్చి 11వ తేది సాయంకాలపు అగ్నిప్రమాదమువలన తెలియుచున్నది. ముద్రణశాల కాలిపోయెను. కాగితములు, పదునాలుగు ప్రాచ్యభాషల సీసపు అక్షరములు, కేరీ వ్రాతప్రతులు అనేకములు నశించెను. తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు అందులో నొకటి. 1814లో మనకు వచ్చిన గ్రంథము మరల వ్రాయబడినదన్నమాట. కాని బూడిదను త్రవ్వించినప్పుడు వార్డునకు ఉక్కుముద్రలు చెడక కనబడెను. కరగిన సీసమును ప్రోగుచేసి, పనివారు వెంటనే పోత ప్రారంభించిరి. కొన్ని నెలలలో పలుభాషల ముద్రణము మరల సాగెను. ఇంగ్లండునుండి వచ్చిన ధనమును గూర్చి చరిత్రకారులు విరివిగా వ్రాసిరి. ముద్రలే నశించియున్నచో ఆ ధనముతో ఏండ్లకొలది పని మరల చేయవలసియుండెడిది. పంచాననుడును అల్లుడును పదను పెట్టిన ఉక్కు ఆ మంటకు నిలిచినది.

ప్రసంగవశమున ఒక్కమాట. శ్రీరామపురమున ఆల్డీన్ గృహమున నివసించిన డేవిడ్ బ్రౌన్ కుమారుడే మన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. తండ్రి అతనికి బాల్యముననే పలుభాషలు నేర్పెను. అగ్నిప్రమాదము జరిగిన 1812లోనే గతించెను. కుమారుడు ప్రచారకుడు కాలేదు. తండ్రి నేర్పిన భాషాభ్యాసపు అలవాటు మాత్రము అతని నిఘంటువునందు మనకు దక్కినది.

మనోహరుడు నలువది యేండ్లకు పైగా ఆ పోతశాలలో పనిచేసెను. 1822లో పూర్తియైన మార్ష్‌మన్ చీనా బైబిలునకు కావలసిన లోహాక్షరములును అచ్చటనే తయారైనవి. 1839లో జేమ్స్ కెన్నడీ యను ప్రచారకుడు వచ్చి చూచునప్పటికి, మనోహరుడు తన యిష్టదేవతా విగ్రహము క్రింద కూర్చుండి బైబిలు అక్షరములకు పని చేయుచుండెను. ఆ దేవత సన్నిధిని గాని పనిచేయ నొల్లడట. కెన్నడీ దీనిని వింతగా చెప్పెను. తరువాతివారును అట్లే వింతగా ఉదాహరించుచు వచ్చిరి. మాకు ఇందు వింత కనబడుట లేదు. కొలిమిని ముట్టుటకు ముందు దేవతను తలచుట ఆ విద్యతోపాటే పెద్దలయొద్ద నేర్చినది. ఉలి పట్టుట ఒకటి, మ్రొక్కుట వేరొకటి యని అతనికి ఎవరును విడదీసి నేర్పలేదు. ప్రచారకులు అతని పనితనమును కోరిరి, అది వారికి పూర్తిగా లభించెను. మతమును మార్చుకొనుమని వారు బోధించుచునే యుండిరి. అతడు మారలేదు, వారును అతనిని విడువలేదు. ఆ నలువది యేండ్ల సహవాసమును గూర్చి ప్రచారకుల చరిత్రలు చెప్పినది మిక్కిలి కొంచెము.

మనోహరుని కుమారుడు కృష్ణచంద్రుడు తండ్రియొద్దనే పని నేర్చి, అదే పోతశాలలో మూడవ తరపు శిల్పి యయ్యెను. ఈ కుటుంబము శ్రీరామపురముననే చంద్రోదయ యంత్రమను సొంత ముద్రణాలయమును నెలకొల్పి వంగ పంచాంగములను అచ్చువేసినది. సువార్తలకై సానబట్టిన చేయి తిథివార నక్షత్రములకును అక్షరములు పోసెనన్నమాట. వార్డు 1823లోను, కేరీ 1834లోను, మార్ష్‌మన్ 1837లోను గతించిరి. కృష్ణచంద్రుడు 1850లో మరణించెను. అటుపిమ్మట పదేండ్ల వరకును, అనగా 1860 దాక, ప్రాచ్యభాషల అక్షరములకు శ్రీరామపురపు పోతశాలయే ఈ దేశమున ముఖ్యస్థానముగా నుండెను.