తీర్పు చెప్పని పంచాయితీ

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలోనూ, అటు వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లోనూ ఏ తగాదా వేరు తవ్వినా నీళ్లో గెట్టో బయటపడుతుంది. వనపర్తి సంస్థానం వాళ్లు కట్టించిన పెద్ద చెరువులను జనం సప్తసముద్రాలని పిలుచుకున్నారు. శ్రీరంగాపూర్ రంగసముద్రం వాటిలో ఒకటి. అంత పెద్ద చెరువు కింద తూము దగ్గరి రైతుకూ ఆయకట్టు చివరి రైతుకూ పొత్తు కుదరడం కష్టం. ఆ కష్టానికి పాతకాలం కనిపెట్టిన మందు నీరటి.

ఊరి పనివాళ్లలో నీరటి ఒకడు. తూము ఎత్తేది, దించేది, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసేది అతనే. పై రైతూ కింది రైతూ ఇద్దరూ అతనికి కళ్లంలో గింజలు కొలిచేవారు కాబట్టి ఒకడి పక్షం వహిస్తే రెండోవాడి గింజలు పోతాయి. చెరువు నిండని ఏడాది తైబంది చేసేవారు. ఉన్న నీటికి ఎన్ని ఎకరాలు సాగవుతాయో నాటుకు ముందే లెక్కగట్టి, ఆ మేరకే పంచుకోవడం. లొల్లి పుట్టాక తీర్చడం కంటే పుట్టకముందే కూర్చోవడం మేలని ఈ నేల ఏనాడో తెలుసుకుంది. దీన్ని నేను చిన్న తెలివిగా చూడలేను.

కానీ చెరువు కట్ట దిగి రచ్చబండ దగ్గరికొస్తే కథ వేరు. అక్కడ పెద్దమనుషులు తీర్పు చెబుతారు. చాలాచోట్ల ఇరుపక్షాలూ ముందే డబ్బు డిపాజిట్ కట్టాలి, మాట తప్పినవాడి పైసలు పోతాయి. ఎవరి కులం ఏది, ఎవరి వెనుక ఎంతమంది ఉన్నారు, పటేలుకు ఎవరు దగ్గర అన్నవి మాట కంటే ముందే తక్కెడలో పడేవి. ఆడమనిషి గొడవను ఆమె లేకుండానే తేల్చేసేవారు. పంచాయితీ ముగిసేది, పగ మిగిలేది.

మరి మధ్యవర్తి చేతిలోంచి తీర్పును తీసేస్తే ఏమవుతుంది? మధ్యవర్తిత్వం ఒక నేర్పుగా రూపుదిద్దుకున్న కథంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఒక్కరు కనిపెట్టింది కాదు. తలా ఒక ముక్క కనిపెట్టారు.

మొదటి ముక్క గాంధీది. 1893లో ఆయన దక్షిణాఫ్రికా వెళ్లింది దాదా అబ్దుల్లా అనే వ్యాపారి కేసు పని మీద. అవతలి పక్షం తయ్యబ్ సేఠ్, అబ్దుల్లాకు బంధువే. దావా 40,000 పౌండ్లది. కేసు నడిచేకొద్దీ వకీళ్ల ఫీజులు ఇద్దరినీ తినేస్తాయని గ్రహించిన ఆ కుర్ర వకీలు ఇద్దరినీ ఒప్పించి మధ్యవర్తి ముందు కూర్చోబెట్టాడు. అబ్దుల్లా గెలిచాడు. 37,000 పౌండ్లు, ఖర్చులు రావాలి. అంతా ఒకేసారి కట్టమంటే తయ్యబ్ సేఠ్ దివాలా తీస్తాడు. దివాలా తీసిన వ్యాపారి మళ్లీ నలుగురిలో తలెత్తుకోలేడు. అందుకే గాంధీ దాదా అబ్దుల్లాను బతిమాలి వాయిదాల మీద కట్టించుకోవడానికి ఒప్పించాడు. తీర్పు తేల్చింది ఎంత ఇవ్వాలన్నదే. ఎలా ఇస్తే ఇద్దరూ బతుకుతారన్నది మాట్లాడుకుంటేనే తేలింది.

రెండో ముక్క అమెరికా నుంచి వచ్చింది. బోస్టన్ పేటల్లో బడి భవనాలను సాయంత్రాలు జనం కూడే చోట్లుగా మార్చిన మేరీ పార్కర్ ఫాలెట్, 1925 జనవరిలో న్యూయార్క్‌లో సంఘర్షణ మీద ఒక ప్రసంగం చేసింది. అందులో తన అనుభవమే చెప్పింది. హార్వర్డ్ లైబ్రరీలో ఒక చిన్న గదిలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆమె మూయాలంది. చివరకు ఎవరూ లేని పక్క గది కిటికీ తెరిచారు. అతనికి కావలసింది ఆ కిటికీ తెరవడం కాదు, గదిలో గాలి ఆడడం. ఆమెకు కావలసింది ఉత్తరపు గాలి నేరుగా తన మీదికి కొట్టకుండా ఉండడం. ఒకరు గెలవడం, చెరి సగం తగ్గడం అనే రెండు దారులతో పాటు మూడోదీ ఉందని ఫాలెట్ చూపింది. అడిగినదాని వెనుక ఉన్న అవసరాన్ని పట్టుకోవడమే ఆ దారి. 1981లో రోజర్ ఫిషర్, విలియం యూరీ రాసిన పుస్తకం ఈ ఆలోచనను ప్రపంచమంతా తిప్పింది.

మూడో ముక్క మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్‌ది. 1951లో ఒక సదస్సులో ఆయన చిన్న ప్రయోగం చెప్పాడు. వాదులాటలో నీ మాట మొదలుపెట్టే ముందు, అవతలివాడు అన్నది నీ నోటితో తిరిగి చెప్పాలి. ‘అవును, నేనన్నది అదే’ అని అతను ఒప్పుకున్నాకే నీ వంతు. వినడానికి సులువు. కోపంలో ఉన్నప్పుడు చేసి చూస్తే ఎంత కష్టమో తెలుస్తుంది.

ఫాలెట్, రోజర్స్ చెప్పిన ఈ రెండింటినీ మన నేల మీద పెట్టి చూద్దాం. వనపర్తి పక్క ఊళ్లో అన్నదమ్ములు వేరుపడ్డారనుకోండి. బోరు అన్న చెక్కలో పడింది. తమ్ముడు ‘బోరులో సగం నాది, రోజు మార్చి రోజు నాకు ఇడువాలె’ అంటాడు. అన్న ససేమిరా అంటాడు. పాత పద్ధతిలో పెద్దమనుషులు రోజు విడిచి రోజు వంతు పెట్టి లేచిపోతారు. వారానికి అన్న వరి మడి నెర్రెలిస్తుంది, తమ్ముడి చేలో అవసరం లేని రోజున నీళ్లు పారుతుంటాయి, గొడవ మళ్లీ మొదలు. నేర్పున్న మధ్యవర్తి తీర్పు పక్కనపెట్టి ‘ఎందుకు’ అని అడుగుతాడు.

‘మోటరు కాలిన ప్రతిసారి పైసలు నేనే పెట్టిన, ఒక్కసారన్న అడిగిండా?’ అంటాడు అన్న.

‘అన్న ఏమన్నడో నువ్వు చెప్పు తమ్మీ.’

తమ్ముడు కాసేపు గింజుకుని, ‘మోటరు ఖర్చు తనొక్కడే మోస్తున్ననంటుండు’ అంటాడు. ఆ తర్వాతే తన గోడు. ‘నాది పల్లి. నాకు రోజూ ఏం అక్కర్లే. ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు తడి తప్పితే మాత్రం పంట పోతది.’

వరికి రోజూ నీళ్లు కావాలి, పల్లికి కొన్ని రోజులకో తడి చాలు. ఒకరికి లెక్క కావాలి, ఇంకొకరికి తప్పని తడి కావాలి. సగం సగం పంచడంలో ఈ రెండూ లేవు. మోటరు రిపేరు ఇద్దరూ పంచుకుని, పల్లి తడి రోజులు ముందే రాసిపెట్టుకుంటే చాలు. ఆ మాట అన్నదమ్ముల నోటి నుంచే వస్తే ఇంకా మేలు. తాము అన్న మాటను మనుషులు కాపాడుకుంటారు.

నాలుగో ముక్క పాలమూరు (మహబూబ్‌నగర్) ఆడవాళ్లు తెచ్చింది. అందుకే నాకు మిగతా మూడింటి కంటే దగ్గరిది. దేశంలో 1989లో మొదలైన మహిళా సమాఖ్య కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సమతగా 1993లో మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అడుగుపెట్టింది. నడిగడ్డలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోవే. ఎక్కువగా దళిత కూలీ ఆడవాళ్లతో కట్టిన సంఘాలు కూలి, తాగుడు, దెబ్బలు, బాల్యవివాహం, జోగిని వంటి విషయాలను నలుగురిలో మాట్లాడే ధైర్యాన్ని పెంచాయి. 1995లో గుజరాత్‌లో ఇదే కార్యక్రమం నుంచి నారీ అదాలత్, అంటే ఆడవాళ్లే నడిపే పంచాయితీ, పుట్టింది. పేద ఆడవాళ్ల సంఘాలతో నడిచిన వెలుగు పథకం 2000లో మొదలైన ఆరు జిల్లాల్లో మహబూబ్‌నగర్ కూడా ఉంది. సంఘం కూర్చున్న చోట ఎవరి గొడవో ఆ ఆడమనిషే ముందు మాట్లాడింది. బలవంతుడికీ బలహీనురాలికీ మధ్య ఊరికే మధ్యలో కూర్చుంటే బలవంతుడి పక్షాన కూర్చున్నట్టేనని ఆ సంఘాలు చూపాయి. ఫాలెట్ కిటికీ కథలో ఇద్దరూ సమానులు. మన ఇళ్లలో అందరూ కారు. కొట్టినవాడితో రాజీ కుదిర్చి ఆమెను తిరిగి అదే ఇంటికి పంపడం మధ్యవర్తిత్వం అనిపించుకోదు. అక్కడ కావలసింది రక్షణ, చట్టం.

ఇక చట్టం వైపు ప్రయాణం. లోక్ అదాలత్‌లకు ఆధారమైన 1987 నాటి చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 89వ సెక్షన్ 2002 జూలై నుంచి కోర్టులే కేసులను రాజీ దారి పట్టించేందుకు వీలిచ్చింది. 2005లో మద్రాసు హైకోర్టులో మధ్యవర్తిత్వ కేంద్రం వెలిసింది. 2021 డిసెంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రం ప్రారంభమైంది, అది పెద్ద వ్యాపారాలది. పల్లెకు పనికొచ్చేది 2023 మధ్యవర్తిత్వ చట్టంలోని సామాజిక మధ్యవర్తిత్వ అధ్యాయం. ఒక ప్రాంతంలో శాంతికి భంగం కలిగించగల తగాదాను ఇరుపక్షాల సమ్మతితో ముగ్గురు మధ్యవర్తులు కూర్చుని తీర్చవచ్చని అందులో రాశారు. దాని ప్రకారం అర్జీ న్యాయసేవాధికార సంస్థకు పెట్టుకోవాలి. కుదిరిన ఒప్పందం రాసుకుంటారు. కోర్టు డిక్రీలా మాత్రం అమలు చేయించలేరు. దీన్ని లోపం అనేవాళ్లున్నారు. డిక్రీ బలం ఉంటే ఆ ముగ్గురూ మళ్లీ పాత పటేళ్లే అవుతారని నా భయం. అందుకే ఇలా ఉండడమే మంచిదనుకుంటాను.

2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలయ్యాయి. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు వచ్చాయి. మహబూబ్‌నగర్ బస్సెక్కే పని తగ్గింది. న్యాయసహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు.

ఈ నేర్పుకు అసలు పరీక్ష గద్వాల సీడు పత్తి దగ్గర. రైతు, విత్తన కంపెనీకీ తనకూ మధ్య ఉండే ఆర్గనైజర్ దగ్గర అప్పు తెచ్చి, కూలీలను పెట్టి పువ్వు పువ్వుకూ క్రాసింగ్ చేయిస్తాడు. విత్తనం కంపెనీకి చేరాక విత్తనం నాటి దాని శుద్ధత చూసే జీవోటీ పరీక్షలో ఫెయిలైందంటే డబ్బు ఆగుతుంది, వడ్డీ ఆగదు. ఇక్కడ ఉన్నది ఇద్దరు కాదు, ముగ్గురు: రైతు, ఆర్గనైజర్, కంపెనీ. కాగితాలన్నీ ఒకవైపే ఉంటాయి. ఇలాంటి చోట కూర్చునే మధ్యవర్తి ‘ఎందుకు’ అని అడిగే ముందు లాట్ నంబరు, శాంపిల్ తీసిన తేదీ, పరీక్ష ఫలితం, అప్పు వడ్డీల లెక్క రైతు చేతికి ఇప్పించాలి. చదవలేకపోతే చదివి వినిపించాలి. ఆ తర్వాత చూడాల్సింది, వచ్చిన కంపెనీ మనిషికి అక్కడికక్కడ నిర్ణయం చేసే అధికారం ఉందా అన్నది. లేకపోతే ఆ పూట మాటలు ఆపి, అధికారం ఉన్నవాడు వచ్చే తేదీ రాయించుకుని లేవాలి.