తెల్లారేదాకా ఆగొద్దు

రాత్రి పదకొండు దాటింది. పక్కకు తిరుగుదామని చూస్తావు. నడుము తిరుగుతుంది. కాళ్ళు రావు.

ఇంకోసారి చూస్తావు. కుడికాలు కాస్త కదులుతుంది. ఎడమకాలు బరువుగా పడి ఉంది. గిల్లితే ఎక్కడో దూరంగా తెలుస్తుంది, అంతే.

మార్చి నెల. ఆలూరులో రాత్రి కూడా గోడలు సెగలు కక్కుతున్నాయి. మీ ఆయన సుగ్గికి, కూలి వలసకు, పోయి రెండు నెలలు. గుంటూరు దిక్కు మిరపచేలల్లో ఉన్నాడు. ఇంట్లో నువ్వు, అత్త, వసారాలో పుస్తకం ముందేసుకున్న కూతురు. పొద్దున తొమ్మిదికి దానికి ఇంటర్ పరీక్ష.

రొమ్ములో గడ్డకు ఆపరేషనై మూడేళ్ళు. పోయిన ఏడు స్కానింగ్ చూసి, ఎముకలకు పాకిందన్నారు. పూర్తిగా పోదు, మందులతో అదుపులో పెట్టుకుంటూ బతకొచ్చు అన్నారు. నువ్వూ అట్లే బతుకుతున్నావు. జొన్నరొట్టెలు తడుతున్నావు, బిందె ఎత్తలేకపోయినా చెంబులతో నీళ్ళు మోస్తున్నావు. పది రోజుల నుంచి మాత్రం వీపు మధ్యలో నొప్పి. పడుకుంటే ఎక్కువ. దగ్గితే పక్కటెముకల చుట్టూ పట్టీ బిగించినట్టు ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు. ఆడదానికి ఓర్పు ఉండాలని చిన్నప్పటి నుంచి విన్నావు కదా. మన ఇళ్ళల్లో ఈ ఓర్పును మెచ్చుకున్నంత కాలం ఇట్లాంటి నొప్పులు బయటికి రావు. మంచాన పడ్డాకే అందరికీ తెలుస్తాయి.

"ఏమైతాంది?" అత్త లేచి వస్తుంది. కాలు పట్టి చూస్తుంది. "వాతమేమ్మా ఇది. నూనె కాచి రుద్దుతా. ఆర్‌ఎంపీని పిలిస్తే సూది వేస్తాడు. ఈ రాత్రి ఏడికి పోతావు? పొద్దున్నే బస్సుకు పోదాం."

ఆమె మాట కొట్టెయ్యలేవు. కర్నూలు పెద్దాసుపత్రి ఇక్కడా? రెండు గంటల పైన దారి. చేతిలో డబ్బు లేదు. పిల్లకు పరీక్ష. సూది వేయించుకుంటే నొప్పి తగ్గుతుంది, నిద్ర పడుతుంది.

కానీ ఇంకోటి గుర్తొస్తుంది. సాయంత్రం నుంచి ఒంటికి పోలేదు. పొత్తికడుపు బిగుసుకుని ఉంది. పోయినసారి రొమ్ము పుండుకు కట్టు కడుతూ నర్సమ్మ చెప్పింది: "కాళ్ళు బరువెక్కినా, తిమ్మిరెక్కినా, ఒంటికి రాకపోయినా అర్ధరాత్రయినా సరే వచ్చేయాల. తెల్లారేదాకా ఆగొద్దు."

ఎందుకంత తొందర? వెన్నుపూసలో పెరిగిన గడ్డ లోపలున్న వెన్నుపామును నొక్కుతుంది. కాళ్ళకు, మూత్రాశయానికి కబురు పోయే దారి అదే. ఇంకా అడుగు వెయ్యగలిగినప్పుడే వైద్యం మొదలైతే చాలామంది నడుస్తూనే ఉంటారు. కాళ్ళు పూర్తిగా పడిపోయాక మొదలుపెడితే, తిరిగి లేచేవాళ్ళు తక్కువ. ఇది గంటల్లో తేలే సంగతి.

ఎడమకాలు మళ్ళీ గిల్లుతావు.

ఈసారి తెలియదు.

"పాపా, 108 కొట్టు."

కూతురు ఫోన్ చెవిన పెట్టుకుని వణుకుతోంది. తోడు ఎవరు? అత్తకు చూపు ఆనదు. పిల్ల వస్తానంటుంది. వద్దంటావు. మిగిలింది పక్కింటి వదిన. నాలుగు నెలలుగా ఆమె గడప తొక్కలేదు నువ్వు. కోసిన చోటే మళ్ళీ పుండు లేచింది, వాసన వచ్చేది. నలుగురిలో కూర్చోవడం మానుకున్నావు. ఆ వాసన పుండులో చేరిన క్రిములదని నర్సమ్మే చెప్పింది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో కడగడం, మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి ఆ పొడి చల్లడం, పైన శుభ్రమైన గుడ్డ కట్టడం నేర్పింది. ఏ మందుల షాపులోనైనా దొరికే చవక మాత్రలు. కొన్నాళ్ళకే వాసన తగ్గింది. సిగ్గు మాత్రం తగ్గలేదు.

"వదినను లేపు," అంటావు.

ఆమె జుట్టు ముడేసుకుంటూ వస్తుంది. నీ పక్కనే మంచం మీద కూర్చుంటుంది. ముక్కు మూసుకోదు. "ఇన్నాళ్ళూ పిలవలేదేం?" అంటుంది.

బండి వచ్చింది. లేచి కూర్చోబోతావు.

"కదలొద్దమ్మా!"

ఒళ్ళంతా ఒక్క దెబ్బన తిప్పుతారు. వీపు కింద బల్ల. నొప్పి. పళ్ళు బిగిస్తావు. ఫైలు! వదిన చంకలో ఉంది.

ఆలూరు ఆసుపత్రి. డ్యూటీ డాక్టర్ ఫైలు తిప్పుతుంది. అరికాలు గీకుతుంది. "తెలుస్తోందా?" లేదు. "ఇక్కడ?" కొంచెం. వెంటనే స్టెరాయిడ్ సూది. వెన్నుపాము చుట్టూ వాపు తగ్గడానికి. మూత్రానికి గొట్టం వేస్తారు. కడుపు తేలికవుతుంది. "ఎమ్మారై, రేడియేషన్ కావాల. నేరుగా కర్నూలుకే పోండి."

దేవనకొండ దాటింది. ప్రతి గుంతా వెన్నులో తెలుస్తుంది.

"నొప్పి మాత్ర వేసుకున్నావా?" వదిన అడుగుతుంది.

లేదు. మార్ఫిన్ మాత్రలు సంచిలో ఉన్నాయి. అలవాటు పడిపోతావని ఎవరో అంటే, పూటకొకటి ఎగ్గొడుతున్నావు. ఈ మందు చుట్టూ ఉన్న భయం నీ ఒక్కదానిదే కాదు. 1985 నాటి మత్తుమందుల చట్టంతో పర్మిట్లకు జడిసి ఎన్నో ఆసుపత్రులు దీన్ని పెట్టుకోవడమే మానేశాయి. 2014లో చట్టం సడలించారు. అయినా పల్లెకు ఇప్పటికీ సరిగ్గా అందదు. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పిన లెక్కన, నాలుగు గంటలకొకసారి, మోషన్ బిగుసుకోకుండా ఇంకో మాత్రతో కలిపి వేసుకుంటే అది మత్తుకు బానిసను చెయ్యడం చాలా అరుదు. నిద్రపోనిస్తుంది. రొట్టె తిననిస్తుంది.

మాత్ర మింగుతావు. కోడుమూరు వచ్చేసరికి మాట్లాడగలుగుతున్నావు.

కర్నూలు పెద్దాసుపత్రి. స్ట్రెచర్ చక్రాలు, ట్యూబ్ లైట్లు, ఎమ్మారై గది చల్లదనం. తెల్లవారుజామున ఒక యువ డాక్టర్ వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంటుంది. రేడియేషన్ ఈరోజే మొదలుపెడతామంటుంది. కుడికాలు నిలబడుతుందని ఆశ ఉందనీ, ఎడమకాలి సంగతి ఇప్పుడే చెప్పలేననీ దాపరికం లేకుండా చెబుతుంది. తర్వాత అడుగుతుంది: "ఇంకేమైనా ఇబ్బందులున్నాయా అమ్మా?"

"బాగానే ఉందమ్మా" అనడం నీకు అలవాటు. నోటిదాకా వస్తుంది. వదిన నీ చెయ్యి నొక్కుతుంది.

చెబుతావు. మాత్ర ఎగ్గొట్టి నొప్పితో గడిపిన రాత్రులు. అయిదు రోజులుగా మోషన్ లేకపోవడం. చెయ్యి వాచి, గాజులు కత్తిరించి తియ్యాల్సి రావడం. ఒంటరిగా ఏడవడం. నా కూతురికీ ఈ జబ్బు వస్తుందా, పరీక్ష చేయించాలా? నేను ఇంకెన్నాళ్ళు ఉంటానో దానికి ఎట్లా చెప్పాల? డాక్టర్ రాసుకుంటోంది. చేతి వాపుకు వ్యాయామం, కట్టు నేర్పే మనిషిని పంపుతానంటుంది. కూతురి సంగతికి, మీ అమ్మకో, అక్కచెల్లెళ్ళకో ఈ జబ్బు ఉందా అని అడుగుతుంది. చివరి ప్రశ్నకు, "మీ ఆయన కూడా ఉన్నప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. ఎప్పుడొస్తాడు?" అంటుంది.

సుగ్గి ముగిసేది ఉగాదికి. ప్రతి ఫోన్‌లోనూ ఆయనకు "బాగుండాను, నువ్వు పని చూసుకో" అనే చెప్పావు.

ఆరున్నరకు కూతురు ఫోన్. హాల్ టికెట్ తీసుకున్నానంటుంది, తిన్నానంటుంది. పెట్టేశాక అదే ఫోన్‌లో ఆయన నంబరు నొక్కుతావు.

"బాగలేదయ్యా," అంటావు. "కూలి లెక్క తర్వాత చూసుకోవచ్చు. ఈరోజే బస్సెక్కు. కర్నూలుకు రా."